ఖాళీలో ఒత్తు ఖ

నాకు అక్షరాల జబ్బు ఉంది. కిరాణా కొట్టు బోర్డు మీద ‘ధరలు’ అన్న మాటకి మామూలు ద రాసి ఉంటే ఆ కొట్టులో ఉప్పు ప్యాకెట్టు కూడా కొనబుద్ధి కాదు. ఎవరైనా శుభలేఖ చేతిలో పెడితే పెళ్ళి ఎవరిదో చూడకముందే ‘ఆహ్వానం’లో హ కింద వ ఉందా, వ కింద హ ఉందా అని చూస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా బడి పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. పొద్దున్నే వెళ్ళి కట్ట తెచ్చుకుంటాను, ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని దిద్దుతాను, మర్నాడు ఇచ్చేస్తాను.

మా పనిలో ఒక కిటుకు ఉంది. అర్థం జోలికి పోకూడదు. పాఠం బాగుందని పాఠంలో పడ్డామా, కన్ను జారిపోతుంది, దీర్ఘాలు ఎగిరిపోతాయి. అందుకని మేం వాక్యాన్ని వాక్యంగా చదవం. గుడి, కొమ్ము, ఒత్తు, సున్నా, అంతవరకే. నేను దిద్దిన సైన్సు పుస్తకాలు నలభై దాకా ఉంటాయి గానీ గుండెకి ఎన్ని గదులో అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను. ‘గదులు’లో ద మామూలుదేనని మాత్రం ఢంకా బజాయించి చెప్పగలను.

నా ఇల్లు పోయింది ఈ కిటుకు వల్లే. నా ఒక్కదాని తప్పయితే నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. కాదు కాబట్టే చెప్తున్నాను.

ఇల్లంటే మా సొంతిల్లేం కాదు. పాత మేడలో పైన రెండు గదులు, వెనకాల వంటిల్లు. పన్నెండేళ్ళ క్రితం ఇంటాయన చేత్తో రాసిన రెండు పేజీల కాగితం మీద ఏడాదికని సంతకాలు పెట్టి దిగాం. ఏడాది అయ్యింది, రెండయ్యాయి, పదకొండు అయ్యాయి. ఇంటాయన మళ్ళీ కాగితం ఊసెత్తలేదు, మేమూ ఎత్తలేదు. నెల నెలా అద్దె ఇచ్చాం, ఆయన తీసుకున్నాడు.

మా ఆయన ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగ్ చేస్తారు. దిగిన అయిదేళ్ళకి ఆయనకి చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందన్నారు. పూర్తిగా పోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆయన ఇంటిని బట్టీపట్టారు. వీధి గుమ్మం నుంచి పైకి పదిహేడు మెట్లు, తొమ్మిదో మెట్టు అంచు విరిగింది, అక్కడే మలుపు. పైకొచ్చాక మూడడుగులకి తలుపు. ఎడమ చేతికి స్విచ్చి, కుడి చేతికి ఆయన పనిబల్ల. ఫ్యాను లోపలి తీగ చేత్తో చుట్టడానికి చూపక్కర్లేదు, లెక్క చాలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చుట్టేస్తారు. చేతికర్ర లేకుండా తనే కిందికి దిగి, ఎదురుగా టీ కొట్టులో టీ తాగి, కబుర్లు చెప్పుకుని తిరిగొస్తారు. ఈ ఇంట్లో ఆయన గుడ్డివాడు కాదు. బస్సెక్కితే గుడ్డివాడు. ఈ మాట నేను ఎవరికి చెప్పినా బుర్ర ఊపుతారు గానీ ఒక్కడికి మాత్రం చెప్పక్కర్లేదు, మా మరిదికి.

మా మరిది చిన్నోడు, అంటే మా ఆయన తమ్ముడు, నాలుగేళ్ళు మా ముందుగదిలోనే ఉన్నాడు. ఉద్యోగం లేని రోజులవి. మెట్ల పక్క గోడకి మేకులు కొట్టి, వాళ్ళన్నయ్య పట్టుకోవడానికి తాడు కట్టింది వాడే. కళ్ళకి గంతలు కట్టుకుని పదిహేడు మెట్లూ తను ముందు దిగి చూసి, “అన్నయ్యా, తొమ్మిదో మెట్టు దగ్గర ముడి వేశాను, చేతికి తగులుతుంది చూడు” అన్నది వాడే. ఆ ముడి ఇప్పటికీ ఉంది. తర్వాత వాడికి అద్దె ఇళ్ళ ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, వేరే కాపురం పెట్టాడు. కిందటేడు ఇంటాయన ముసలితనంలో ఓపిక లేక మేడ మొత్తం ఆ ఏజెన్సీకే అప్పజెప్పాడు. మనవాడి చేతికే వచ్చిందని మేం సంబరపడ్డాం.

ఏజెన్సీ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. ‘ఒప్పందమును పునరుద్ధరించుకొనవలసినదిగా కోరుచున్నాము, ఏడు దినముల గడువు’ అని ఉంది. పునరుద్ధరణకి ద కింద ధ సరిగ్గానే పెట్టారు, మెచ్చుకున్నాను. మరిదికి ఫోన్ చేస్తే ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వచ్చాడు.

“ఏంటొదినా మొహం అలా పెట్టావు? ఎవరైనా ళ బదులు ల రాశారా?” అన్నాడు గుమ్మంలోనే. వాడికి నన్ను ఆటపట్టించకపోతే అన్నం సహించదు.

“ఇన్నేళ్ళలో లేనిది ఇప్పుడు ఈ కాగితాలేంటి చిన్నోడా?”

“ఉత్త రెన్యువలే వదినా. పాతదాన్నే తిరగరాయడం. మా దగ్గర ఫైలు ఖాళీగా ఉంటే పైవాళ్ళు మమ్మల్ని పీక్కుతింటారు. నువ్వూ అన్నయ్యా తలో సంతకం పెట్టారంటే ఇంకో పదేళ్ళు మిమ్మల్ని కదిపేవాడుండడు.”

మా ఆయన పనిబల్ల దగ్గర్నుంచి, “ఏదీ, నాకోసారి చదివి వినిపించరా” అన్నారు.

“అదంతా కోర్టు భాష అన్నయ్యా. రెండో పేజీకే గుర్రు పెడతావు. వదిన చూస్తోందిగా.”

“నువ్వు తెచ్చావుగా, ఇంక చూడ్డానికేముందిలే” అన్నారు ఆయన నవ్వుతూ.

తర్వాత మరిది అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “వదినా, నీ ఎర్ర పెన్నేదీ? మా టైపిస్టుకి ఒత్తులంటే తెలీదు, కాగితమంతా తప్పులతడక. దిద్ది పెట్టు, రేపు ఆఫీసులో అందరి ముందూ వాడి పరువు తీస్తాను. దిద్దిన చోటల్లా పక్కన నీ పొట్టి సంతకం కూడా పడెయ్, లేకపోతే నేనే గీశానంటారు.”

అంతకన్నా నాకేం కావాలి? నా కూతురి అందం పొగిడినా అంత పొంగిపోయేదాన్ని కాదేమో, నాకు కూతురే లేదనుకోండి. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. ఆరు పేజీలు. నిజంగానే ఘోరంగా ఉంది. ‘బాధ్యత’ని ‘భాధ్యత’ చేశాడు. ‘మరమ్మతు’కి త కింద ఇంకో త తగిలించాడు. ‘యథావిధిగా’లో థ ఉండాల్సిన చోట ధ. ‘రద్దు’కి లేని ఒత్తు పెట్టి ‘రద్ధు’ చేశాడు. పద్నాలుగో షరతులో ‘ఖాళీ’కి ఉండాల్సిన ఒత్తు తీసేసి ‘కాళీ’ చేశాడు. ఒకచోట పీకిన ఒత్తు ఇంకోచోట అతికించాడురా నాయనా అని నేనంటే మరిది కడుపు పట్టుకుని నవ్వాడు. మొత్తం పంతొమ్మిది దిద్దుబాట్లు, పంతొమ్మిది పొట్టి సంతకాలు. ఆఖర్న పెద్ద సంతకం. మా ఆయన వేలు పట్టుకుని గీత మీద పెట్టి ఆయన చేత సంతకం చేయించింది మరిదే. నేను టీ పెట్టడానికి లోపలికెళ్ళాను. వచ్చేసరికి వాడు కింద ఇంకేదో రాసి, తనూ సంతకం పెట్టి, కాగితాలు సంచిలో సర్దేసుకున్నాడు.

కింద గదిలో ఇస్త్రీ అక్క ఉంటుంది. మాకన్నా నాలుగేళ్ళు ముందు దిగింది. మరిది ఆవిడ దగ్గరికీ వెళ్ళాడు. “నాకు చదవడం రాదు బాబూ. రానిదాని మీద సంతకం ఎట్టా పెడతా?” అని ఇస్త్రీ పెట్టె ఎత్తకుండానే చెప్పింది. నేను మెట్ల మీంచి తొంగిచూసి, “మా మరిదేలే అక్కా, పెట్టెయ్” అన్నాను కూడా. ఆవిడ నా వైపు చూసి, “నీకు చదువొచ్చు, నువ్వు పెట్టుకో” అంది. పొగరు అనుకున్నాను.

తొమ్మిది నెలలు ఏ అలికిడీ లేదు. పదో నెలలో రిజిస్టర్ ఉత్తరం వచ్చింది. నా అలవాటు ప్రకారం ముందు తప్పులు వెతికాను, రెండు దొరికాయి. మూడోసారి చదివాక గానీ విషయం తలకెక్కలేదు. పదకొండు నెలల గడువు ముగుస్తోంది కాబట్టి, ఒప్పందంలోని పద్నాలుగో షరతు ప్రకారం వచ్చే నెలాఖరుకి ఇల్లు అప్పగించాలట. మా ఆయన తీగ చుట్టుకుంటూ, “ఏంటది?” అన్నారు. “ప్రెస్సు నుంచి” అని అబద్ధమాడాను. నా మొహం ఆయనకి కనపడదు కాబట్టి ఆ పూటకి సరిపోయింది.

మరిది నాలుగో ఫోనుకి గానీ ఎత్తలేదు. “పైనుంచి వచ్చింది వదినా, నా చేతుల్లో ఏముంది? మేడ కొట్టేసి కొత్తది కడతారట. అయినా మీకు నేనుండగా బెంగేంటి? లిఫ్టున్న ఇల్లు చూసి పెడతాను, అన్నయ్యకి మెట్ల బాధే ఉండదు.”

“లిఫ్టులో మీటల మీద అంకెలు మీ అన్నయ్యకి నువ్వొచ్చి చదివి పెడతావా?” అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

కిందికి పరిగెత్తాను. ఇస్త్రీ అక్కకి ఏ ఉత్తరమూ రాలేదు. తాపీగా చొక్కా మడతపెడుతూ, “నాకెందుకొస్తుంది? వాళ్ళు అడిగారు, నేను వద్దన్నాను, అంతేగా” అంది. నా వాలకం చూసి పెట్టె ఆర్పేసి, నన్ను గ్రంథాలయం వరండాలో గురువారాలు కూర్చునే అద్దెదారుల సంఘం గుమస్తా గారి దగ్గరికి తీసుకెళ్ళింది. కోర్టులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పాత రెండు పేజీల కాగితం, ఏజెన్సీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. చదవడమంటే నాలా కాదు, అర్థం కోసం.

“ఇదిగో అమ్మా, ఈ మొదటి ఉత్తరంలో ఏమని రాశారు? ‘కోరుచున్నాము’ అని. కోరడం వాళ్ళ హక్కు. ఒప్పుకోవడం, మానడం మీ హక్కు. గడువు దాటాక కూడా మీరు అద్దె ఇస్తూ వాళ్ళు పుచ్చుకుంటూ ఉంటే పాత ఒప్పందమే నెల నెలా నడుస్తుంది. ఏడు రోజుల్లో సంతకం పెట్టకపోతే ఏమయ్యేదో తెలుసా? ఏమీ అయ్యేది కాదు. పదేళ్ళు దాటిన వాళ్ళని సరైన కారణం చూపించి, పై అధికారిని ఒప్పించి గానీ కదపడానికి వీల్లేదు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు మీరు కొత్త కాగితం మీద సంతకం పెట్టారు. అందులో పాతది రద్దు అని మీరే ఒప్పుకున్నట్టు ఈ రిజిస్టర్ ఉత్తరంలో ఉంది. చట్టం కళ్ళకి మీరు పదినెలల క్రితం సామాన్లు దింపిన మనుషులు. పదకొండేళ్ళ పైచిలుకు ఒక్క సంతకంతో పోయింది.”

రద్దు. ఆ మాటలో ఒత్తు నేనే తీశాను. అప్పుడు ఎంత మురిసిపోయానో గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది.

గుమస్తా గారు ధైర్యం చెప్పాడు. మాయమాటలు చెప్పి సంతకం చేయించుకుంటే ఆ కాగితం చెల్లదని పిటిషన్ వేయొచ్చన్నాడు. రాశాడు, వేశాం. మా ఆయనకి ఆరోజే అంతా చెప్పేశాను. “చిన్నోడికి తెలిసుండదు. వాడిని కూడా పైవాళ్ళు మోసం చేసుంటారు” అన్నారు. నేను వాదించలేదు, ఎందుకంటే నాకూ అలాగే నమ్మాలనుంది.

అద్దెల అధికారి ఆఫీసులో పొడుగు బల్ల, గోడ పొడవునా ఫైళ్ళు. అధికారి నా వయసు ఆడమనిషే. ఒక పక్క నేను, మా ఆయన, గుమస్తా గారు. ఎదురుగా ఏజెన్సీ వకీలు, ఆయన పక్కన తలొంచుకుని మరిది. నాకేం తెలియకుండా, రెన్యువల్ అనే మాట నమ్మి సంతకం పెట్టానని చెప్పాను. వకీలు లేచి మా కాగితం ఆవిడ ముందు పెట్టాడు. దూరం నుంచే ఎర్రగా కనిపించింది.

“ఈ ఎర్ర సిరా ఎవరిదమ్మా?” అంది అధికారి.

“నాదేనండి.”

“ఈ పొట్టి సంతకాలు?”

“నావేనండి.”

వకీలు తియ్యగా అందుకున్నాడు. “మేడమ్, పంతొమ్మిది చోట్ల ఆవిడ మా తప్పులు దిద్దారు. పద్నాలుగో షరతు చూడండి, ‘ఎట్టి అభ్యంతరము లేక ఇల్లు ఖాళీ చేయవలెను.’ మా టైపిస్టు క కొట్టాడు, ఆవిడ దాన్ని ఖ చేశారు. సంతకం కూడా పెట్టారు. ఇంత శ్రద్ధగా చదివిన అద్దెదారుని నా సర్వీసులో చూళ్ళేదు.”

“ఖాళీ అన్న మాట చూడకుండా ఎలా దిద్దారమ్మా?” అంది ఆవిడ.

“అక్షరాన్ని చూశానండి. మాటని చూళ్ళేదు.”

నిజం అదే. చెప్తుంటే చెవిలో పువ్వు పెడుతున్నట్టు నాకే అనిపించింది. వకీలు నవ్వాడు. అధికారి నవ్వలేదు, రాసుకుంది. నేను మరిది వైపు చూశాను. వాడు తన బూట్ల వైపు చూస్తున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. టైపిస్టు పరువు తీయడానికి కాదు వాడు నా పెన్ను అడిగింది. వదిన చేతికి తప్పులున్న కాగితం ఇస్తే చదవకుండా దిద్దుతుందని ఈ ప్రపంచంలో వాడికీ మా ఆయనకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. నాలుగేళ్ళు నా చేతి కూడు తింటూ, నా పక్కన కూర్చుని నా పని చూసి నేర్చుకున్న సంగతి అది. ఆ ‘కాళీ’ కూడా కావాలనే కొట్టించాడేమో నాకు తెలీదు. అడగను కూడా అడగలేదు.

గుమస్తా గారు మాత్రం వదల్లేదు. ఆఖరి పేజీ తిప్పి, అట్టడుగు వరస మీద వేలు పెట్టాడు. “అమ్మా, ఒప్పందం ఇద్దరి పేరా ఉంది. ఈయనకి చూపు లేదు. చూపు లేని మనిషికి కాగితం మొత్తం చదివి వినిపిస్తేనే సంతకం చెల్లుతుంది. ఇక్కడ ‘చదివి వినిపించాను’ అని రాసి ఈ అబ్బాయి సంతకం పెట్టాడు. వినిపించాడో లేదో అడగండి. వినిపించకపోతే కాగితం మొత్తం చెల్లదు, పాత ఒప్పందమే నిలుస్తుంది.”

నేను టీ పెట్టడానికి లోపలికెళ్ళినప్పుడు వాడు రాసింది ఇదన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. వినిపించలేదు కదా! మా ఆయన నోరు తెరిచి అడిగినా వినిపించలేదు కదా! ఇల్లు నిలబడింది అనుకున్నాను.

అధికారి మరిదిని లేపింది. “మీరు చదివి వినిపించారా?”

వాడు వాళ్ళన్నయ్య వైపు చూశాడు. చూపులేని మనిషి వైపు చూడ్డానికి వాడికి మొహం ఎలా చెల్లిందో. “వినిపించానండి” అన్నాడు. “మొత్తమా?” “మొత్తం అండి.”

“అబద్ధం!” అని అరిచాను. ఆవిడ నన్ను కూర్చోమంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి నెమ్మదిగా అంది, “అయ్యా, మీరు చెప్పండి. ఆయన రాసింది అబద్ధమని తేలితే మీ ఇల్లు మీకుంటుంది. తప్పుడు సాక్ష్యం కింద ఆయన మీద కేసు పెట్టాల్సి వస్తుంది, ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. ఆలోచించుకుని నిజం చెప్పండి. మీకు చదివి వినిపించారా?”

మా ఆయన బొటనవేలు మిగతా వేళ్ళ మీద కదిలింది, తీగ చుట్లు లెక్కపెట్టేటప్పుడు కదిలినట్టే. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆయన మెల్లిగా చెయ్యి లాక్కున్నారు.

“వినిపించాడండి. మొత్తం విన్నాను.”

నాకు ముందు కోపం రాలేదు. తప్పు విన్నానేమో అనుకున్నాను. గుమస్తా గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసరికి నమ్మకం కుదిరింది. అధికారి రాసుకుంటోంది. ఆ రాతలో అబద్ధమాడిన మనిషిని నేనే. పన్నెండేళ్ళ ఇల్లు కోసం సొంత మరిది మీద నింద వేసిన మనిషిని నేనే.

బయట నడవాలో మరిది వచ్చి వాళ్ళన్నయ్య రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఆ వీధిలో పాత అద్దెదారులందరి చేతా సంతకాలు చేయిస్తే బ్రాంచి వాడికి అప్పజెబుతామన్నారట. మొదటి సంతకం ఇంట్లోవాళ్ళదే తెమ్మన్నారట. “వేరే ఇల్లు నేనే చూస్తాను అన్నయ్యా, దగ్గరుండి తాడు కూడా నేనే కడతాను” అన్నాడు.

“ఆ చేత్తో తాడు కట్టావంటే మీ అన్నయ్య మెడకే బిగుసుకుంటుంది, పో ఇక్కణ్ణుంచి” అన్నాను. అంత మాట నా నోట్లోంచి వస్తుందని నాకే తెలీదు. మా ఆయన మాత్రం వాడి తల నిమిరి, “ఊరుకోరా” అన్నారు. వాడిని ఊరుకోమన్నారు, నన్ను కాదు.

బస్సులో కిటికీ పక్క సీట్లో ఆయన్ని కూర్చోబెట్టాను. నాలుగు స్టాపులు దాటాక అడిగాను. “ఎందుకలా చెప్పారు?”

“అమ్మా నాన్నా పోయేటప్పటికి వాడికి ఆరేళ్ళు. వాణ్ణి జైల్లో పెడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?”

“ఇప్పుడు నేను చూస్తూ కూర్చోవాలి కదా, మీరు గోడలు తడుముకుంటుంటే.”

“ఇంకో ఇల్లు నేర్చుకుంటానులే.”

“ఇది నేర్చుకున్నప్పుడు మీకు సగం చూపుంది.”

ఆయన ముందు సీటు కమ్మీ తడిమి పట్టుకున్నారు.

“ఇల్లు మీ ఒక్కరిదేనా? నా పేరు లేదా ఆ కాగితంలో? ఆవిడ ఆలోచించుకోమంది కదా, నన్నొక్క మాట అడిగారా?”

“అడిగితే నువ్వు వద్దనేదానివి” అన్నారు.

అది నిజం. నేను వద్దనేదాన్ని, అందుకే ఆయన నన్ను అడగలేదు. మరిది కూడా సరిగ్గా ఇదే చేశాడు. వాడు నన్ను నా పెన్నుతో మోసం చేశాడు. ఈయన నా పక్కనే కూర్చుని, నా చేతిలోంచి చెయ్యి లాక్కుని మోసం చేశారు. వాడి మీద కోపం బయటికి కక్కగలిగాను, ఈయన మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బస్సు దిగాక చెయ్యి అందించాను. అందించకపోతే రోడ్డు దాటలేరు కదా. మేడ దగ్గరికి రాగానే ఆయన నా చెయ్యి వదిలి, తాడు పట్టుకుని, పదిహేడు మెట్లూ ఎప్పటిలాగే చకచకా ఎక్కేశారు. ఇస్త్రీ అక్క నా మొహం చూసి ఏమీ అడగకుండా మంచినీళ్ళిచ్చింది. ఆవిడ గది ముందు మెట్టు మీద కూర్చుండిపోయాను. పైన తలుపు తీసిన చప్పుడు, స్విచ్చి వేసిన చప్పుడు వినబడ్డాయి. స్విచ్చి నాకోసమే వేస్తారు, ఆయనకి దీపంతో పనేముంది?

తొమ్మిదో రోజున అధికారి ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. ఆయన పనిబల్ల దగ్గర ఉన్నారు. కవరు చింపిన చప్పుడు విని, “అదేనా?” అన్నారు. ఔనన్నాను. “చదివి వినిపిస్తావా?” అన్నారు.

వినిపించాను. ఉత్తర్వు నంబరు నుంచి మొదలుపెట్టి, తేదీ, పిటిషనుదారులు, ఎదుటి పక్షం, ఒక్క ముక్క వదల్లేదు. ‘రెండవ పిటిషనుదారు ప్రతి షరతును చదివి, దిద్ది, సంతకము చేసియున్నారు.’ ‘మొదటి పిటిషనుదారు తనకు చదివి వినిపించినట్లు స్వయముగా అంగీకరించియున్నారు.’ ఆ వాక్యం దగ్గర ఆయన మొహం చూశాను. తీగ చుట్టడం ఆపేశారు. ‘కావున ముప్పది దినములలోగా ఇల్లు ఖాళీ చేయవలెను.’ ఈసారి ఒత్తు ఖ సరిగ్గానే కొట్టారు. ఉత్తర్వు మొత్తంలో ఒక్క తప్పు లేదు. బతుకులో మొదటిసారి ఒక కాగితాన్ని అర్థం కోసం చదివాను.

“అయిపోయిందా?” అన్నారు.

“అయిపోయింది.”

ఎర్ర పెన్ను తీసి, కాగితం అడుగున ‘చదివి వినిపించాను’ అని రాశాను. కింద నా పెద్ద సంతకం పెట్టాను. పెన్ను ఆయన చేతిలో పెట్టి, వేలు పట్టుకుని ఆ పక్కన ఆనించాను.

“విన్నానని సంతకం పెట్టండి.”

“ఎందుకే?”

“ఈసారి నిజంగా విన్నారు కాబట్టి.”

చాలాసేపు పట్టింది. పెట్టారు. వరస వంకర పోయింది, ఆయన పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. నేను దిద్దలేదు.